చందుర్ల బావి పైపొర

నా పని మనుషుల్ని తుడిచేయడం.

కంగారు పడకండి, ఫొటోల్లోంచి. కోటగోడ ముందు పళ్ళికిలించే కాలేజీ పిల్లలు, వెయ్యేళ్ళ స్తంభానికి వీపు ఆనించి పల్లీలు నమిలే పెద్దమనిషి, శిలాశాసనం మీద తువ్వాలు ఆరేసిన మహానుభావుడు, వీళ్ళెవరూ పాత కట్టడాల బొమ్మల్లో ఉండటానికి వీల్లేదు. పుస్తకాలు వేసేవాళ్ళకు రాయి కావాలి, మనిషి అక్కర్లేదు. ఆ రాయిని చెక్కింది మనిషేనని ఎవరికీ గుర్తుండదనుకోండి, అది వేరే సంగతి.

హనుమకొండలో మా ఆయన పెళ్ళిళ్ళ స్టూడియో నడిపేవాడు. ఆయన పోయాక కొన్నాళ్ళు నేనే నడిపాను. పెళ్ళికొడుకుల మొటిమలు తుడిచీ తుడిచీ ప్రాణం విసిగిపోయిన రోజుల్లో మా తమ్ముడు మొగిలి వచ్చి, "అక్కా, మొఖాలు సాలు గని, ఇగ రాళ్ల పని జెయ్యి" అని తన లాబ్‌లో కూర్చోబెట్టాడు. మొగిలి భౌతికశాస్త్రం చదివి డాక్టరు పట్టా తెచ్చుకున్నవాడు. ఒక ట్రస్టు డబ్బు పెడితే పాత కట్టడాలను ఫొటోలు తీసి భద్రపరిచే లాబ్ నడుపుతున్నాడు.

చీకటి మండపంలో నిలబడి ఒక్క ఫొటో తీసి చూడండి. బయటి ఎండ తెల్లగా మండిపోతుంది, లేదా లోపలి శిల్పం బొగ్గయిపోతుంది. రెండూ కావాలంటే కెమెరాను ముక్కాలి స్టాండు మీద కదలకుండా నిలబెట్టి, అదే చోటును తక్కువ వెలుగుతో, మధ్యరకంగా, ఎక్కువ వెలుగుతో వరసగా తీయాలి. ఆ ఫొటోలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, చీకటిని కాస్త లేపి, వెలుగును కాస్త అణచి, మన కన్ను చూసినట్టు తయారుచేసేది నేను. దీన్ని హెచ్‌డీఆర్ అంటారు. తీసే కాసేపట్లో ఎవరైనా అడ్డం నడిచారా, ఒకే మనిషి నాలుగు చోట్ల సగం సగం పడతాడు. వాణ్ణి తుడవలేక నా తలప్రాణం తోకకొస్తుంది.

అందుకే మా వాళ్ళకొక పద్ధతి ఉంది. స్టాండు నిలబెట్టగానే వెంట వచ్చినవాళ్ళందరూ ఏదో ఒక స్తంభం చాటుకు పోయి కూర్చోవాలి. తీసేవాడు "అయిపోయింది, రండి" అని పిలిచేదాకా తల బయట పెట్టకూడదు. మొగిలి అయితే ఈ విషయంలో రాక్షసుడు. ఎండ మారినప్పుడల్లా మళ్ళీ తీస్తూ పూటలకు పూటలు నిలబడతాడు. ఒకసారి ఒక కోటలో నన్ను గబ్బిలాల కంపులో మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి, తన పని అయిపోగానే సామాను సర్దుకుని టీకి వెళ్ళిపోయాడు. నేను చాటున ఉన్నానన్న సంగతే మరిచిపోయాడు. బయటికొచ్చి వాణ్ణి తిట్టిన తిట్లకు టీకొట్టు వాడు కూడా నవ్వాడు. మొగిలి నవ్వలేదు. "యాదికి రాలే అక్కా, నిజంగ" అన్నాడు. వాడంతే. పనిలో పడితే కన్నతల్లి కూడా యాదికి రాదు.

ఫొటోలతో వాడికి తనివి తీరలేదు. రాతి మీద పడ్డ వెలుగు ఊరికే పోదనీ, రాతి పలుకుల్లో కొంత చిక్కుకుంటుందనీ వాడి పట్టుదల. రాళ్ళ వయసు కట్టడానికి వాడే పద్ధతి ఏదో ఉందట, దాన్ని తలకిందులు చేసి ఏళ్ళ తరబడి కుస్తీ పట్టాడు. చివరకు యంత్రం ఒకటి తయారైంది. చిమ్మచీకటి చేసి, ఒక రకం ఎర్రకాంతి రాతి మీద పాకిస్తే, రాయి తాను దాచుకున్న వెలుగును బయటికి వదులుతుంది. ఆఖరున పడ్డ వెలుగు ముందు వస్తుంది, పాతది వెనక వస్తుంది. పొరలు పొరలుగా వచ్చే ఆ వెలుగును కెమెరా పట్టుకుంటుంది. మేము దాన్ని రాతికన్ను అనేవాళ్ళం.

మట్టెవాడలో ఒక పాత ఇల్లు పడగొడుతుంటే అరుగుబండ ఒకటి తెచ్చి దాని మీద పెట్టారు. వచ్చిన పొరలను నేను పేర్చి చీకటిని లేపాను. తెల్లటి బండ మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న మనిషి మచ్చ, పక్కన గుండ్రటి చిన్న మచ్చ. ఇంటాయన చూసి గుడ్లప్పగించాడు. "మా తాత! గది ఆయన చెంబు!" అని అక్కడే కూలబడి ఏడ్చాడు. మర్నాడు వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు, ఇంకోసారి చూపించమని. బండ మీద మళ్ళీ ఎర్రకాంతి పాకించాం. ఏమీ లేదు. శుభ్రంగా కడిగిన పలక.

"రాయి ఒక్కసారే చెప్తదమ్మా," అన్నాడు ఖదీర్ ఆ ముసలమ్మతో. యంత్రం నడిపే ఇంజనీరు అతను. "చెప్పినంక ఖాళీ అయితది. మళ్ల ఎండల పెడితే కొత్తగ నింపుకుంటది."

ఇంకో సంగతి కూడా ఆ బండే నేర్పింది. నడిచేవాళ్ళు, తిరిగేవాళ్ళు రాతికెక్కరు. ఒకేచోట చాలాసేపు కదలకుండా ఉన్నదాని నీడే ఎక్కుతుంది. ఎంతసేపు ఉంటే అంత నలుపు.

రాతికన్ను మొట్టమొదట పనిచేసిన రోజును మా ఇంట్లో ఎవరూ పండగ చేసుకోలేదు. లాబ్‌లో చిన్న రాతిముక్క మొదటిసారి వెలిగింది ఆ ఆదివారం నాడే. మా చైత్ర పోయిందీ ఆ ఆదివారం నాడే.

చైత్ర మొగిలి కూతురు, ఒక్కతే కూతురు. డిగ్రీ చదువుతోంది. పరీక్ష పోయిందని ఆ పొద్దున వాళ్ళమ్మ సులోచన నోటికొచ్చినట్టు తిట్టింది. ఫోను గుంజుకుని, "నీ మొఖం నాకు సూపియ్యకు పో" అంది. ఏ తల్లి అనలేదు చెప్పండి ఆ మాట? పిల్ల ముక్కు ఎగబీలుస్తూ టిఫిన్ డబ్బా తీసుకుని స్కూటీ మీద వెళ్ళిపోయింది. సాయంత్రమైనా రాలేదు. మర్నాడు పొద్దున చందుర్ల మెట్లబావిలో తేలింది.

చందుర్ల బావి ఊరికి దూరంగా, పొలాల మధ్య ఉంటుంది. మూడంతస్తుల రాతిబావి. పైన ఎండ కొట్టే మెట్లు, కింద నీళ్ళ చుట్టూ స్తంభాల వరండా, పగలే చీకటి. చైత్రకు ఆ బావి తెలుసు, ఇంతకుముందు నాన్నతో వెళ్ళింది. మొగిలి ఆ రోజు ములుగు వైపు ఫొటోలు తీయడానికి పోయానన్నాడు. ఊరంతా ఒకటే మాట: తల్లి తిట్టిందని పిల్ల దూకింది. పరామర్శకు వచ్చినవాళ్ళు కూడా ఓదార్చినట్టే ఓదార్చి ఆ మాట అనేసి పోయారు. చందుర్ల వాళ్ళు పిల్లను తీసిన పొద్దుటే, ఎండెక్కకముందే బావి మీద రేకులు కప్పి, గేటు పెట్టి తాళం వేశారు.

అప్పటినుంచి సులోచన మనిషి కాదు. వంట చేస్తుంది, మాకు పెడుతుంది, తను రెండు ముద్దలు కెలికి లేచిపోతుంది. చైత్ర ఫోనుకు మాత్రం రోజూ చార్జింగ్ పెడుతుంది. పక్కవాటాలో ఉండే నేను ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. మొగిలి ఆ ఫోను ఉన్న గదిలోకే పోడు. దుఃఖం ఒక్కొక్కరిని ఒక్కో రకంగా పట్టుకుంటుందని నేను సరిపెట్టుకున్నాను.

రెండేళ్ళ తర్వాత ఒక పగలు సులోచన లాబ్‌కు వచ్చింది. బిడ్డ పోయాక గడప దాటి రావడం అదే మొదలు. నేరుగా ఖదీర్ దగ్గరికి పోయి అడిగింది.

"ఖదీరూ, మీ మిషిన్‌కు ఎసొంటి రాయి గావాలె?"

"ఏ రాయైనా అయితదమ్మా. గని ఆఖరుకు పడ్డ ఎల్తురు మీద మళ్ల ఎండ పడొద్దు. తలుపులేసి పెట్టిన జాగ దొరికిందనుకో, పైపొర సాఫ్‌గ వస్తది."

"తాళమేసిన జాగ."

"అవునమ్మా, గసొంటిదే."

"మా బిడ్డ పోయిన బావికి అప్పటిసంది తాళమే ఉన్నది," అంది సులోచన.

నేను మౌస్ మీంచి చెయ్యి తీసేశాను. తన గదిలోంచి మొగిలి బయటికొచ్చాడు.

"వద్దు," అన్నాడు.

"ఎందుకొద్దు?"

"కాకతీయుల కాలం బావి అది. దాన్ని ముట్టుకుంటే ఎనిమిది వందల ఏండ్ల ఎల్తురు పోతది సులోచనా. మళ్ల రాదు. ట్రస్టుకు నేనేం జవాబు చెప్పాలె?"

"నాకు ఎనిమిది వందల ఏండ్లెందుకు? ఒక్కరోజు సాలు."

ఆమె గొంతు పెంచలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, లెక్క చెప్పినట్టు చెప్పింది.

"మీరందరు అన్నదే గద, కదలకుండ కూసుంటే రాయికెక్కుతదని. దూకేటోళ్లు పోంగనే దూకరు. కూసుంటరు, ఏడుస్తరు, అమ్మను తలుసుకుంటరు. నా బిడ్డ కూసున్న గుర్తుంటే అది దూకినట్టే. నేనే సంపినట్టే. ఏం గుర్తు లేదనుకో, కాలు జారింది. గంతే. నేను కడుపునిండ అన్నం తిని సచ్చిపోత."

"ఏం మాటలే అవి!" అన్నాను నేను.

"ఇంకేం మాటలున్నయి వదినె నాకు?"

మొగిలి ఏవేవో చెప్పాడు. అనుమతులన్నాడు, చరిత్రన్నాడు, ముందుతరాలన్నాడు. వాడి నీతిని నేను లోలోపల మెచ్చుకున్నాను కూడా, నా తెలివి తెల్లారినట్టే ఉంది. కానీ సులోచన ముఖం చూశాక నీతి గీతి నా నెత్తికెక్కలేదు. "పైపొర ఒక్కటే తీద్దాం. పాతదాన్ని ముట్టుకోవద్దు. ఆ పిల్ల తల్లికి ఇంత కూడా చెయ్యలేమా?" అని నేనే పట్టుబట్టాను. ట్రస్టు వాళ్ళు ఎగిరి గంతేసి ఒప్పుకున్నారు. అలాంటి చోటే వాళ్ళకూ కావాలి. మొగిలికి ఇక చెప్పడానికి సాకు లేకుండా పోయింది.

చందుర్లకు పట్టపగలే వెళ్ళాం. రేకుల సందులన్నీ నల్లటి పట్టాలతో మూశాం. సులోచన గేటు బయట, చైత్ర ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొగిలి మెట్ల పైనే నిలబడ్డాడు, కిందికి ఒక్క అడుగు వేయలేదు.

"అక్కా, పై మెట్ల దిక్కు ఇడిసిపెట్టు," అన్నాడు చీకట్లోంచి. "ఆడ ఎండ ఎక్కువ, మొత్తం తెల్లగ పోతది. కింది వరండ ఒక్కటి తీస్తే సాలు."

"అట్లెట్ల సార్? అంతా ఒకటే సెట్టుల రావాలె. లేకుంటే మేడమ్‌కు అతకదు," అన్నాడు ఖదీర్. నిజమే, అతకదు. నేనూ అదే మాట అన్నాను.

ఎర్రకాంతి మెట్ల మీదుగా కిందికి పాకింది. దాని వెనకే రాయి మెల్లగా నీలంగా వెలిగి ఆరిపోయింది. చూడటానికి అందంగానే ఉంది. ఆ వెలుగు మా పిల్ల ఆఖరి రోజుది. బావి ఒక్కసారి ఊపిరి వదిలినట్టు వెలిగి, తర్వాత నల్లగా మిగిలింది.

మర్నాడు మధ్యాహ్నం లాబ్‌లో నల్లతెర వేసుకుని కూర్చున్నాను. సులోచన ముందుగదిలో ఖదీర్ దగ్గర ఉంది. మొగిలి తన గదిలో తలుపేసుకున్నాడు.

పొరలు పేర్చాను. మొదట కనిపించింది మామూలు గొడవే. పైన మెట్లు తెల్లగా మండిపోయాయి, కింద వరండా కాటుకలా ఉంది. చీకటిని లేపడం మొదలుపెట్టాను. కొద్దికొద్దిగా స్తంభాలు వచ్చాయి. స్తంభాల మీది హంసల వరస వచ్చింది. నేలబండలు వచ్చాయి. చివరి స్తంభం వెనక, గోడకానుకుని, మచ్చ వచ్చింది.

కూర్చున్న మచ్చ. చిక్కగా, అంచులు చెదరకుండా ఉంది. పక్కన పొడవాటి చిన్న మచ్చ, టిఫిన్ డబ్బా.

"అయ్యో బిడ్డా," అని నాకు తెలియకుండానే పైకి అనేశాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. అయితే దూకినట్టే. సులోచన ముందుగదిలో వాకిలి వైపే చూస్తూ ఉంటుంది. ఈ బొమ్మ చూస్తే ఆమె బతకదు.

తుడవడం నాకెంతసేపు? పక్క బండ రంగు తెచ్చి ఆ మచ్చ మీద పామితే సరి, బ్రహ్మదేవుడు కూడా కనిపెట్టలేడు. కాలు జారిందే అని చెప్పొచ్చు, ఆమెకు ఒక ముద్ద అన్నం మింగుడుపడుతుంది. బ్రష్ తీశాను కూడా. చెయ్యి ఆడలేదు. రాయి ఖాళీ అయిపోయింది, ఈ పిల్ల ఇక లోకంలో మరెక్కడా లేదు, ఈ తెర మీద తప్ప. ఎలా తుడవను?

ఆ పని వాయిదా వేయడానికి పైభాగం ముందేసుకున్నాను. మండిపోయిన తెలుపును చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు, మొగిలి వద్దన్నా సరే. వెలుగును కిందికి లాగాను. ఇంకా లాగాను. తెలుపులోంచి ఒక్కో మెట్టు తేలింది. మెట్ల మధ్య చదును వచ్చింది. ఆ చదును మీద మూడు చుక్కలు వచ్చాయి.

మూడు చుక్కలు, ముక్కోణంగా. వాటి మధ్య పలచటి నీడ. వాటి వెనక నిలబడ్డ మనిషి పాదాల మచ్చ, అదీ పలచనే.

ముక్కాలి స్టాండు కాళ్ళ గుర్తు నాకు కొత్తా? ఎన్ని ఫొటోల్లో తుడవలేదు! ఆ చుక్కల దగ్గర కెమెరా పెడితే ఏది కనిపిస్తుందో, ఏది కనిపించదో గీత గీసి చూశాను. వరండా అంతా కనిపిస్తుంది. కనిపించనిది ఒక్కటే చోటు, చివరి స్తంభం వెనక.

అది ఏడవడానికి కూర్చున్న చోటు కాదు. మేము కూర్చునే చోటు. పిలిచేదాకా తల బయట పెట్టకుండా కూర్చునే చోటు.

కింది మచ్చ చిక్కగా ఉంది, పై చుక్కలు పలచగా ఉన్నాయి. అంటే పైవాడు ముందే వెళ్ళిపోయాడు. ములుగులో తీశానన్న ఫొటోలు ఎన్నడూ నా దగ్గరికి రాలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. చావు ఇంట్లో ఆ ఫొటోలేవిరా అని ఎవరడుగుతారు?

వెళ్ళి మొగిలి తలుపు కొట్టాను. వాడు వచ్చి తెర వైపు చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు వాడి చూపు ముందు పై చుక్కల మీదికే పోయింది, బిడ్డ మీదికి పోలేదు. తర్వాత కిందికి చూశాడు. నేల మీద కూర్చుండిపోయాడు.

"సద్ది దెచ్చింది అక్కా," అన్నాడు. "ఆ దినం చందుర్లకు పోతున్నని దానికొక్కదానికే చెప్పిన, అమ్మ తిట్టిందని ఏడ్సుకుంట వచ్చింది. ఎండ మంచిగ పడుతుండె. స్తంభం ఎన్క కూసో బిడ్డా, నేను పిలిసేదాంక రాకు, అయినంక ఇద్దరం తిందాం అన్న. అంతల ఖదీర్ ఫోను జేసిండు, సార్, రాయి ఎలిగింది అని. పదేండ్ల సంది ఎదురుసూసిన ఫోను అక్కా అది! స్టాండు బుజానేసుకొని ఉరికిన. యాదికి రాలే. దాని బండి పక్కనే ఉన్నదో లేదో గూడ సూడలే."

"మరి ములుగు ఎందుకన్నవ్ రా?"

"పొద్దుమూకినంక సులోచన ఫోను జేసి, పిల్ల నీ దగ్గరున్నదా అన్నది. నోట్లెకెళ్లి లేదు అని వచ్చింది. గప్పుడు యాదికొచ్చింది. పోయిన. చీకట్ల పిలిసిన, పలుకలే. దాని బండి గూడ కనవడలే, దోస్తులింటికి పోయిందనుకున్న. తెల్లారి... ఒక్కసారి లేదన్నంక, మళ్ల ఉన్నదని ఎట్ల అనాలె?"

నాకు వాడి చెంప పగలగొట్టాలనిపించింది. రెండేళ్ళు! తల్లి తన మాటే బిడ్డను చంపిందని కుళ్ళి కుళ్ళి ఏడుస్తుంటే, వీడు పక్కగదిలో కూర్చుని రాళ్ళకు వెలుగులు తెప్పిస్తున్నాడు.

"అక్కా," అని నా కాళ్ళు పట్టుకున్నాడు. "ఆ మూడు సుక్కలు తీసెయ్యి. నా గుర్తు ఒక్కటి తీసెయ్యి. నువ్వు రోజు జేసే పనే గద."

"బిడ్డ ఒక్కతి కూసున్నట్టు ఉంచాల్నా? దూకిందనే అనుకోవాల్నా అది?"

"అట్లయితే బిడ్డను గూడ తియ్యి. జారిందనుకుంటది. మంచిగుంటది."

"నేను రోజు తుడిసేది ముక్కు మొఖం తెల్వనోళ్లను రా మొగిలీ," అన్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. వాడు నా తోడబుట్టినవాడు, చిన్నప్పుడు నా చంకలో తిరిగినవాడు. పడితే పడనీ అనుకున్నాను.

నల్లతెర పక్కకు జరిగింది. సులోచన నిలబడి ఉంది. మా గొంతులు విని వచ్చినట్టుంది, మాటలు విన్నదో లేదో తెలియదు. మమ్మల్ని చూడలేదు. నేరుగా కంప్యూటర్ తెర దగ్గరికి వచ్చి ఆ మచ్చ ముందు వంగింది.

"కూసున్నది," అంది.

"సులోచనా, ఆగు, నేను చెప్త..."

"ఆగు వదినె." ఆమె వేలు మచ్చ అంచు వెంట తిరిగింది. తల ఉన్నచోట, గోడకు వాలినచోట ఆగింది. చెంప కింద దూరిన చెయ్యి మీద ఆగింది. నేను అంతసేపు చూసినా అది చెయ్యని నాకు తెలియలేదు. "ఏడుస్తలేదు. పండుకున్నది. సూడు, ఎడమ చెయ్యి దవడ కింద పెట్టుకున్నది. ఒక కాలు ముడుసుకున్నది. పసిపిల్లప్పటి సంది గట్లనే పంటది. బస్సుల గూడ గట్లనే." ఆమె నా వైపు తిరిగింది. రెండేళ్ళ తర్వాత ఆ ముఖంలోకి నెత్తురు వచ్చింది. "సచ్చిపోదామనుకున్నోళ్లు నిద్రపోతరా వదినె? పోరు గదా! చీకటిపడ్డంక లేసింది. మెట్లు కనవడలే. గంతే. నా బిడ్డ దూకలే!"

చిక్కగా, అంచులు చెదరకుండా ఎందుకుందో నాకప్పుడు అర్థమైంది. నిద్రపోయేవాళ్ళు కదలరు. ఆమె ఏడుస్తూ నవ్వుతూ నన్ను కావలించుకుంది. నేనూ ఏడ్చాను. ఆ క్షణంలో ఆపేసి ఉంటే బాగుండునని నాకు అనిపించిన మాట నిజం. ఎవరికీ ఏమీ చెప్పకుండా తెర కట్టేసి ఇంటికి పోతే బాగుండునని.

కానీ ఆమె మళ్ళీ తెర వైపు తిరిగింది. తల్లి కదా, కళ్ళారా చూసుకుంటోంది. కింద చూసి, టిఫిన్ డబ్బా చూసి, "డబ్బ ఇప్పనే లేదు. ఎవరి కోసం ఆగింది?" అంది. తర్వాత పైకి చూసింది.

"ఈ మూడు సుక్కలేంది వదినె?"

నేను మొగిలి వైపు చూశాను. "నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

వాడు చెప్పాడు. నాకు చెప్పినట్టే చెప్పాడు, తల ఎత్తకుండా. స్తంభం వెనక కూసోమన్నా అన్నాడు. నేను పిలిసేదాంక రాకు అన్నా అన్నాడు. ఖదీర్ ఫోను సంగతి చెప్పాడు. తలుపు దగ్గర నిలబడ్డ ఖదీర్ ఆ మాట వినగానే గోడ పట్టుకున్నాడు.

సులోచన అరుస్తుందనుకున్నాను. వాడి మీద పడి కొడుతుందనుకున్నాను, కొడితే అడ్డుపోకూడదని కూడా అనుకున్నాను. ఆమె ఒక్కటే అడిగింది.

"పిలిసినవా?"

మొగిలి తెర మీది చుక్కల వైపు చూశాడు.

"నువ్వు పిలిసేదాంక రావద్దన్నవు గదా. పోయేటప్పుడు పిలిసినవా?"

"లేదు," అన్నాడు మొగిలి.

"దానికి ఫోను గూడ లేకుండె," అంది సులోచన, తనలో తాను. "నేనే గుంజుకున్న." రాత్రికి వంట నేనే చేశాను. ఎవరూ తినలేదు.

తెల్లవారి సులోచన తల స్నానం చేసి వచ్చి, "బావి కాడికి పోదాం పా," అంది మొగిలితో. అడిగినట్టు లేదు, చెప్పినట్టుంది. నేను కూడా కారెక్కాను. చందుర్ల వాళ్ళను పిలిపించి ఆమె దగ్గరుండి రేకులు తీయించింది. రెండేళ్ళుగా ఎండ చూడని బావిలోకి ఎండ దిగింది. మెట్ల మీద పిచ్చిమొక్కలు పాలిపోయి తెల్లగా ఉన్నాయి.

"స్టాండు ఏడ పెట్టినవో ఆడ నిలవడు," అంది.

మొగిలి పోయి ఆ చదును మీద నిలబడ్డాడు. ఆమె గోడ పట్టుకుని కిందికి దిగింది. వరండాలోకి పోయి, చివరి స్తంభం వెనక, మేము చూసిన చోటే, గోడకు వీపు ఆనించి కూర్చుంది. పైనున్న మాకు కనిపించడం మానేసింది. అక్కడినుంచి ఆమె గొంతు మాత్రం వచ్చింది.

"ఇగ పిలువు."

మొగిలి నోరు తెరిచాడు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు.

"చైత్రా!" అని అరిచాడు చివరికి. "అయిపోయింది బిడ్డా! రా, తిందాం!"

బావి ఆ మాటను మూడు అంతస్తులూ తిప్పి మాకే తెచ్చి ఇచ్చింది. వాడు మళ్ళీ పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. గొంతు పోయేదాకా పిలిచి, మెట్ల మీద బోర్లా పడిపోయాడు.

సులోచన బయటికి రాలేదు. కొంతసేపయ్యాక నేను దిగి చూశాను. ఎడమ చెయ్యి చెంప కింద పెట్టుకుని, ఒక కాలు ముడుచుకుని, కళ్ళు తెరిచే కూర్చుని ఉంది. చైత్ర ఫోను పక్కన బండ మీద పెట్టుకుంది. ఎండ కిందిదాకా జారి ఆ బండల మీద పడుతోంది. అవి మొన్నటినుంచీ ఖాళీ బండలు. ఇప్పుడు ఎవరు ఎంతసేపు కూర్చుంటే వాళ్ళను అంత నింపుకుంటాయి.

అలవాటు కొద్దీ నేను పక్కకు జరగబోయాను, ఆమె మీద నా నీడ పడకుండా. మళ్ళీ నాకే ఏమనిపించిందో, వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. ఎండ పోయేదాకా ఇద్దరం కదలలేదు.